శనివారం ఆగే వాచీ

తిరుపతి నుంచి నాయుడుపేట పోయే బస్సులో ఒక ఆడపిల్ల ఒక మగవాడి చెయ్యి పట్టుకుంది. ప్రేమతో పట్టుకోలేదు. దొంగను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఏమప్పా, ఈ వాచీ యాడిది?"

మునిచంద్ర పైన కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా చెయ్యి మోచేతి దాకా జారిపోయింది. మణికట్టు మీది వాచీ, కిటికీ పక్క సీట్లో కూర్చున్న ఆ పిల్ల కళ్లకు సరిగ్గా ఎదురుగా వచ్చింది.

"ఎందుకు మేడం?"

"ఎందుకా? ఇది మా తాతది. అద్దం మీద ఈ గీత సూడు, చిన్నప్పుడు నేను పెట్టిందే. లోపల రష్యా అక్షరాలుండాయి. చెప్పు, యాడ కొట్టేసినావు?"

బస్సంతా ఇటు తిరిగింది. గోవింద నామాలు పెట్టినా తిరగని తలలు దొంగ అనే వాసన తగిలితే తిరుగుతాయి. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి దగ్గరికి వచ్చాడు.

"ఏం పాపా, ఏమైంది?"

"దొంగోడు సార్."

"దొంగను కాదు సామీ. వాచీలు రిపేరు చేసేవాణ్ణి. గాంధీ రోడ్డులో ఖాదర్ బాషా అంగడి. ఈ వాచీ మాకు రిపేరుకొచ్చింది."

"రిపేరుకిస్తే చేతికి కట్టుకొని ఊరేగతావా?" అంది ఆ పిల్ల. "టైలరుకు చొక్కా ఇస్తే టైలరు తొడుక్కొని తిరగతాడా?"

బస్సు నవ్వింది. కండక్టరూ నవ్వాడు. మునిచంద్ర చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది ఆటోమేటిక్ మేడం. కీ ఇచ్చే పని లే. చెయ్యి కదిలే కొద్దీ దానంతట అదే కీ ఎక్కతాది. రిపేరైనాక చేతికి కట్టుకొని తిరిగితేనే ఎక్కతా ఉండాదో లేదో తెలిసేది. మా ఉస్తాద్ రూలు. కావాలంటే ఫోను చేసి కనుక్కోండి."

ఆమె తాతకు ఫోను చేసింది. బస్సంతా వినేట్టు స్పీకరు పెట్టింది.

"తాతా, నీ వాచీ యాడ?"

"ఖాదర్ బాషాకిచ్చొచ్చినా గదమ్మే. ఆగిపోతా ఉంటే."

ఆమె చెయ్యి వదిలేసింది. తప్పైందని మాత్రం అనలేదు. అనే రకం కాదు.

"అట్లయితే చెయ్యి కిందికి దించి ఊపు. కడ్డీ పట్టుకొని వేలాడతా ఉంటే కీ యాడ ఎక్కతాది?"

మునిచంద్ర చెయ్యి కిందికి దించాడు. ఏర్పేడులో దిగిపోయాడు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి మళ్లీ అరిచింది.

"ఊపుతా పో!"

అతను ఇంటిదాకా చెయ్యి ఊపుతూనే నడిచాడు. ఎందుకు ఊపాడో అతనికే తెలియదు.

*

ఖాదర్ బాషా అంగట్లో ఒకరు కూర్చుంటే రెండోవాళ్లు నిలబడాలి. ఒక బల్ల, ఒక గాజుపెట్టె, గోడ నిండా ఎవరూ తిరిగొచ్చి తీసుకుపోని గడియారాలు. మునిచంద్ర ఇంటర్ తప్పి ఆ అంగట్లో చేరాడు. చేరిన రోజున ఉస్తాద్ అతని చేతికి పట్టకారు ఇచ్చి, "దీంతో వెంట్రుకను పట్టుకో, తెంపకు" అన్నాడు. అది నేర్చుకోవడానికే చాలాకాలం పట్టింది.

ఇప్పుడు ఖాదర్ బాషా కళ్లు మసకబారాయి. చిన్న స్క్రూలు కనబడడం లేదు. అల్లుడు నిస్సార్ ఫోను కవర్లు అమ్ముతాడు. మామ లేచిపోతే ఆ చోట్లో కవర్లు వేలాడదీద్దామని చూస్తున్నాడు. ముసలాయనకు కవర్లంటే అసహ్యం. ఇల్లన్నాక అల్లుడి మాట కూడా వినాలి. అందుకని ఒక పందెం పెట్టాడు.

"బ్యాటరీ వాచీ ఎవుడైనా చేస్తాడు బేటా. ఈ రష్యాది నువ్వే చెయ్యి. నేను ముట్టుకోను. వానలు పోయేదాకా వాపసు రాకుండా నడిచిందా, ఈ బల్ల నీది. వాపసొచ్చిందా, నీ చెయ్యి ఇంకా పండలే అన్నట్టు. నిస్సార్ కవర్లు తగిలించుకుంటాడు."

మునిచంద్రకు సొంత ఇల్లు లేదు, బండి లేదు. వాటిని కోరుకున్నదీ లేదు. ఆ బల్ల ఒక్కటే కోరుకున్నాడు.

వాచీ మాస్కోలో చేసింది. పేరు స్లావా. వెనక మూత తీస్తే ముందు కనబడేది రోటరు, అంటే సగం చందమామ ఆకారంలో బరువైన బిళ్ల. మనిషి చెయ్యి కదిలినప్పుడల్లా అది అటూ ఇటూ తిరుగుతుంది. ఎటు తిరిగినా స్ప్రింగు మాత్రం ఒక వైపే చుట్టుకోవాలి. ఆ పని చూసేవి కింద ఉన్న రెండు చిన్న చక్రాలు. బిళ్ల కుడికి తిరిగితే ఒకటి పట్టుకుంటుంది, రెండోది ఊరికే జారుతుంది. ఎడమకు తిరిగితే పట్టేది రెండోది, జారేది మొదటిది. వాటిలో మురికి చేరితే రెండూ జారతాయి. అప్పుడు మనిషి ఎంత ఊగినా వాచీకి బలం అందదు.

మునిచంద్ర ఆ చక్రాలను పెట్రోలులో కడిగాడు. సూది మొనతో నూనె అంటించాడు. నూనె ఎక్కువైతే జారుడు, తక్కువైతే అరుగుడు. అంటించి, మూత బిగించి, చేతికి కట్టుకుని ఊరంతా తిరిగాడు. బస్సులో దొంగ అనిపించుకున్నది అప్పుడే. వాచీ ఒక్క క్షణం ఆగలేదు.

శనివారం ఆ పిల్లే వచ్చింది. పేరు లోహిత. తడ దగ్గర ఒక కంపెనీలో పని. సెల్‌ఫోను బోర్డుల మీద టంకం సరిగ్గా పడిందో లేదో మైక్రోస్కోపులో చూడాలి.

"తాత రాలేదా మేడం?"

"ఆయన్ను అంత దూరం తిప్పేదెందుకు? శనివారం నాకు సెలవు. దొంగోడి దగ్గర్నించి సొత్తు నేనే తెస్తానన్నా."

ఖాదర్ బాషా తలెత్తాడు. "దొంగోడా? ఎవుడు?"

"ఏంలే ఉస్తాద్" అని మునిచంద్ర గబగబా వాచీ ఆమె ముందు పెట్టాడు. "సూడండి, తేదీ, వారం గూడా సరిచేసినా. ఇంగ్లీషు సీ, పక్కన ఆరంకె మాదిరి ఉండాది గదా, అది శనివారం."

"ఆదివారం ఎట్లుంటాది?"

"బీసీ అని ఉంటాది."

"ఆదివారం బీసీనా? వారాలకు గూడా రిజర్వేషన్లుండాయా రష్యాలో?"

ఖాదర్ బాషా నవ్విన నవ్వుకు కళ్లద్దాలు ముక్కు మీంచి జారి పెట్రోలు గిన్నెలో పడ్డాయి. ఆ అంగట్లో అంత నవ్వు చాలా రోజులుగా లేదు.

"లోపల సూపియ్యి" అంది లోహిత.

"మూత బిగించేసినా మేడం."

"బిగించింది తీసేదానికి రాదా? పొద్దన్నుంచి సాయంత్రం దాకా అద్దంలో సూసేదే నా పని. ఫోను బోర్డుల్లో ఏదీ కదలదు. ఇది కదలతాది గదా, సూడాల."

అతను మూత తీసి, కంటికి పెట్టుకునే భూతద్దం ఆమెకిచ్చాడు. లోహిత వంగి చూసింది. చాలాసేపు తల ఎత్తలేదు. 

"గుండె మాదిరి కొట్టుకుంటా ఉండాదే" అంది చివరికి. "ఈ రెండు డబ్బాలేంది?"

"వాటిల్లో స్ప్రింగులుంటాయి. మామూలు వాచీలో ఒకటే. దీంట్లో రెండు చిన్నవి పెట్టినారు. రెండూ కలిసి ఒకే చక్రాన్ని తోస్తాయి. బరువు చెరిసగం."

"ఒకటి అలిసిపోతే?"

"ఒకటే అలిసేది లే. ఎక్కేదీ కలిసే, దిగేదీ కలిసే."

"మా అమ్మకూ నాయనకూ సూపియ్యాల దీన్ని."

సంసారంలో బరువు చెరిసగం కాదు. ఎవరు ఎక్కువ మోశారో, ఒకరు పోయాకే రెండోవాళ్లకు లెక్క తెలుస్తుంది. ఈ ఇద్దరికీ ఇంకా ఏమీ తెలియదు. అందుకే నవ్వుకున్నారు.

పోతూ పోతూ అడిగింది. "మళ్లీ ఆగితే?"

"ఆగదు."

"ఆగితే?"

"ఆగితే తీస్కరండి."

ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది.

*

"ఆగింది" అంది లోహిత, శనివారం పొద్దున్నే వచ్చి.

ఆగిన వాచీ తెచ్చేవాళ్ల మొహాలు మునిచంద్రకు తెలుసు. కొందరు పాలు విరిగినట్టు వస్తారు, కొందరు కొట్లాటకు వస్తారు. ఈ పిల్ల మొహం చీటీ పాట తగిలినట్టు వెలిగిపోతోంది. కొత్త చుడీదారు, తలలో మల్లెపూలు. మునిచంద్ర వాచీనే చూశాడు. మొహం చూసి ఉంటే కథ ఆ రోజే అయిపోయేది.

స్ప్రింగులు రెండూ పూర్తిగా దిగిపోయి ఉన్నాయి. అంటే కీ ఎక్కడం లేదు. చక్రాలు మళ్లీ జారుతున్నాయేమో. విప్పాడు, కడిగాడు, వారమంతా కట్టుకుని తిరిగాడు. బ్రహ్మాండంగా నడిచింది. ఆమె వచ్చి తీసుకుపోయింది. మరుసటి శనివారం మళ్లీ తెచ్చింది.

"ఆగింది."

"తాత చెయ్యి బాగా కదిలిస్తాడా మేడం?"

"మా తాతనా? చేతులూపకుండా మంచినీళ్లు గూడా అడగడు."

"రాత్రిపూట తీసి పెట్టేస్తాడేమో."

"నిద్దర్లో గూడా చేతికే. స్నానానికి పొయ్యేటప్పుడు మాత్రం తీస్తాడు. తియ్యొద్దని చెప్పమంటావా?"

"వద్దొద్దు. నీళ్లు పడితే దానికి తుప్పు."

ఈసారి చక్రాలే మార్చేశాడు. ఉస్తాద్ దాచుకున్న పాత వాచీల బుట్ట వెతికి, అదే రకం వాచీ ఒకటి పట్టుకుని, దాంట్లోవి తీసి దీంట్లో వేశాడు. లోహిత ఎదురుగా నిలబడి చూసింది. పొద్దున వచ్చినది మధ్యాహ్నం దాకా కదల్లేదు. అంతలో వాన పట్టుకుంది. రేకు సందులోంచి నీళ్లు బొటబొటా కారాయి. మునిచంద్ర గొడుగు విప్పి గాజుపెట్టె మీద పట్టాడు. లోహిత పూర్తిగా తడిసిపోయింది.

"నేను తడిసినా ఫర్వాలే. వాచీలు తడవగూడదు. అంతేనా?"

"మీరు ఆరతారు మేడం. వాచీలు ఆరవు."

"ఎంత ప్రేమో!" అంది. కళ్లల్లోంచి నీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. అది వాన నీరే.

ఆ సాయంత్రం బస్సులో కూర్చున్నాక మునిచంద్రకు తెలివి వచ్చింది. గొడుగు ఆమె మీద పట్టాల్సింది. వాచీల మీద పాత గోనెపట్టా కప్పినా సరిపోయేది. తెలివి ఎప్పుడూ బస్సెక్కాకే వస్తుంది.

అతనికి శనివారం అంటే భయమూ పట్టుకుంది, శనివారం కోసం ఎదురుచూపూ పట్టుకుంది. వాచీ రాకూడదు. ఆ పిల్ల రావాలి. ఈ రెండూ ఒకేసారి జరగవని అతనికి తెలుసు. తెలిసినా రెండింటికీ మొక్కుకున్నాడు.

ఆ మరుసటి శనివారం వాచీ వచ్చింది, పిల్లతో సహా.

ఆమె అటు పోగానే ఖాదర్ బాషా నోరు విప్పాడు. "మునీ, నేను ముట్టుకోనన్నా, ముట్టుకోను. మాట మాటే. నీ చేతి మీద ఉంటే నడస్తాది, వాళ్ల చేతికి పోతే ఆగతాది. యాడనో లోపముండాది. నీకు దొరకలే. నాకు బాధగా ఉండాది బేటా, అంతే."

తిట్టి ఉంటే బాగుండేది.

మరునాడు నిస్సార్ టేపు తెచ్చి గోడ కొలుచుకున్నాడు. అల్లుడు కొలుస్తుంటే మామ రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

చెయ్యి మీద నమ్మకం పోయినవాడు గోరు కూడా సరిగ్గా కత్తిరించుకోలేడు. మునిచంద్ర మామూలు బ్యాటరీ వాచీని కూడా మూడు సార్లు విప్పి చూసుకోవడం మొదలుపెట్టాడు. ఒకనాడు వెంట్రుకంత సన్నని స్ప్రింగు తెగింది. ఆ రోజే నాయుడుపేటలో ఒక కంపెనీకి మనుషులు కావాలని తెలిసి ఫోను చేశాడు.

రమ్మంటే పోయాడు. కంపెనీవాళ్లు అతని చేతులు చూడలేదు, ఆధార్ కార్డు చూశారు. ప్యాకింగులో పని, సోమవారం వచ్చి చేరమన్నారు.

బయటికి వచ్చాక మునిచంద్రకు ఒక ఆలోచన వచ్చింది. ఎట్లాగూ లోహిత వాళ్ల ఊరు నాయుడుపేట దాకా వచ్చాడు, రిపేరు చీటీ మీద తాత అడ్రసు ఉంది. కడిగించిన వాచీని లోహిత మళ్లీ తీసుకుపోయి నాలుగు రోజులైంది, తాత చేతికే ఉండి ఉంటుంది. ఆయన దాన్ని ఎట్లా కట్టుకుంటాడో, ఎట్లా నడుస్తాడో ఒక్కసారి కళ్లారా చూస్తే తన తప్పేదో తెలుస్తుంది. బల్ల పోతే పోయింది. తప్పు తెలియకుండా పోకూడదు.

*

లోహిత తాత వరదయ్య పాత బస్టాండు వెనక వీధిలో, ఇంటి ముందర కుర్చీ వేసుకుని పక్కింటాయనకు ఏదో చెబుతున్నాడు. రెండు చేతులూ గాలిమరల్లా తిరుగుతున్నాయి. లోహిత ఈ ఒక్కటీ నిజమే చెప్పింది. ఆ చేతికి కట్టిన వాచీకి కీ ఎక్కకపోవడమంటే ఈ భూమ్మీద జరిగే పని కాదు.

ఆ చేతికి వాచీ లేదు. ఏళ్ల తరబడి వాచీ ఉన్న చోట ఏర్పడే తెల్లమచ్చ కూడా ఎండకు మాసిపోయింది.

"తాతా, నేను ఖాదర్ బాషా అంగడి నుంచి..."

"నువ్వేనా! రా నాయనా రా, నీకోసరమే సూస్తా ఉండా!" వరదయ్య లేచి నిలబడ్డాడు. "ఒక్క వాచీకి ఇన్ని వారాలా? నేను శ్రీహరికోటలో ఫిట్టరుగా చేసినోణ్ణి. ఇంత లావు క్రేను చెడిపోతే తెల్లారేపాటికి లేపి నిలబెట్టినా. ఆ వాచీ ఊరికే వచ్చిందనుకున్యావా? రష్యా ఇంజనీరొకాయన మా ఆడది పెట్టిన మామిడికాయ ఊరగాయ తిని, కండ్లల్లో నీళ్లు కారతా ఉంటే, చేతిది ఊడదీసి ఇచ్చినాడు. అట్లాంటి వాచీ! అడిగినప్పుడల్లా మా పాప, ఇంకా కాలే తాతా, ఆ అబ్బోడు సానా నిదానం అంటాది. నిదానమా అది? సోమరితనం! చేతగాకపోతే చేతగాదని చెప్పాల. మడిసన్నాక సిగ్గుండాల!"

మునిచంద్రకు తిట్లు సగమే వినబడ్డాయి. వాచీ లోపలి చక్రాల పళ్లు ఒకదాంట్లో ఒకటి పడ్డట్టు, అన్నీ ఒకదాని వెంట ఒకటి పడుతున్నాయి. శనివారం సెలవు. మల్లెపూలు. ఆగిందని చెప్పేటప్పుడు ఆ మొహంలో వెలుగు.

కంపెనీ బస్సు వీధి మొగలో ఆగింది. మెడలో కార్డు వేలాడుతుండగా లోహిత వచ్చింది. అతన్ని చూసి గేటు దగ్గరే నిలబడిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మాట్లాడవేం?" అన్నాడు వరదయ్య. "అయిందా, కాలేదా?"

ఒక్క మాట చాలు. ఆ తిట్లన్నీ అప్పటికప్పుడే గేటు వైపు తిరుగుతాయి. మునిచంద్ర లోహితను చూశాడు. లోహిత నేలను చూసింది.

"ఇంక కొంచెం ఉండాది తాతా. తప్పు నాదే. శనివారానికి చేతికిచ్చేస్తా."

"తప్పు నాదే అని చెప్పేదానికి ఇంత దూరం వచ్చినావా?"

"అవును తాతా" అని చెప్పి, ఆమె పక్కనుంచి వీధిలోకి నడిచాడు.

సన్నగా తుంపర పడుతోంది. బస్టాండు దగ్గరికి వచ్చేసరికి వెనక చెప్పుల చప్పుడు వినిపించింది.

"నిలబడు! ఓయ్, నిన్నే!"

నిలబడ్డాడు.

"వాచీ యాడుండాది?" అన్నాడు.

"అమ్మ పట్టుచీరల పెట్లో."

"పెట్లోనా?"

"ముందు నా బ్యాగులో ఏసుకున్యా. ఆగితే గదా! తడ రోడ్డు గుంతలకు ఇంకా జోరుగా తిరిగింది. కుట్టు మిషను మీద పెట్టినా. అమ్మ జాకెట్లు కుడతా ఉంటే అదీ ఊగతా పోయింది. కడాకు చీరల మధ్యన పెడితే, మర్నాటి రాత్రికి ఆగింది. ఎవురి పెండ్లన్నా అయితే తప్ప ఆ పెట్టె ఎవురూ కదిలీరు."

మునిచంద్రకు నవ్వు వచ్చింది. దాన్ని మింగేశాడు. కోపంగా ఉన్నప్పుడు నవ్వితే మగవాడి పరువు పోతుందని ఎవరో నేర్పారు.

"ఎందుకు చేసినావట్ల?"

"ఎందుకా? ఫోను కవరు కావాలంటే వీధి వీధికీ అంగడుండాది. వాచీ అంగడికి రావాలంటే వాచీ చెడాల గదా! ఊరికే వచ్చి నిలబడితే మీ సాయిబు ఏమనుకుంటాడు? నువ్వేమనుకుంటావు?"

"నేనేమనుకున్యానో తెల్సా నీకు?" అతని గొంతు పెరిగింది. మేడం పోయింది, మీరు పోయింది. "నా చెయ్యి పోయిందనుకున్యా. ఆ వాచీ వాపసు రాకుంటే ఉస్తాద్ బల్ల నాకిస్తానన్నాడు. నువ్వు తెచ్చిన ప్రతిసారీ ఆ బల్ల ఇంత దూరం జరిగింది. ఇప్పుడది నిస్సార్‌ది. సోమవారం నుంచి మీ ఊర్లోనే అట్టపెట్టెలకు టేపు అంటిస్తా. రోజూ వచ్చి సూసుకో. ఏ వాచీ చెడగొట్టే పని లే."

లోహిత ఏడవలేదు. ఏడ్చి ఉంటే అతను మెత్తబడేవాడేమో. తుంపరలో అట్లాగే నిలబడి అంతా విన్నది.

"నాకు ఎవురూ చెప్పలే" అంది చిన్నగా.

"నువ్వు మాత్రం చెప్పినావా?"

బస్సు వచ్చింది. ఎక్కాడు. వెనక్కి చూడలేదు. చూడకుండా ఉన్నందుకు శ్రీకాళహస్తి దాకా మెడ నొప్పి పుట్టింది. శనివారం కోసం ఎదురుచూసిన సంగతి ఇద్దరూ దాచుకున్నారు. దాచుకున్నవాళ్లను లోకం ఎప్పుడూ క్షమించదు.

*

శనివారం మునిచంద్ర తన సామాను సర్దుకోవడానికి అంగడికి వచ్చాడు. అప్పటికే నిస్సార్ ఒక గోడకు కవర్లు తగిలించాడు. గులాబీ రంగువి, మెరుపులు అంటించినవి. ఖాదర్ బాషా వాటికి వీపు పెట్టి కూర్చున్నాడు. వాచీ బెల్టు కోసం వచ్చిన పెద్దావిడ ఒకామె ముందు నిలబడి బేరమాడుతోంది.

బయట ఆటో ఆగింది. వరదయ్య దిగాడు. ఆయన వెనక లోహిత దిగింది. మల్లెపూలు లేవు. నేరుగా వచ్చి వాచీని గాజుపెట్టె మీద పెట్టింది. వాచీ నడుస్తోంది.

"సాయిబూ, మీతో మాట్లాడాల."

"చెప్పమ్మా."

"ఈ వాచీ ఒక్కసారి గూడా ఆగలే. నేను ఆపినా."

ఖాదర్ బాషా కళ్లద్దాలు సవరించుకున్నాడు. బెల్టు కోసం వచ్చిన పెద్దావిడ బేరం మరిచిపోయింది. లోహిత ఏదీ దాచలేదు. బ్యాగు సంగతి, కుట్టు మిషను సంగతి, చీరల పెట్టె సంగతి, అన్నీ ఆ అంగట్లో అందరి ముందు చెప్పింది.

"ఎందుకాపినావు?" అన్నాడు ఖాదర్ బాషా. ఖాజీ అడిగినట్టు అడిగాడు.

లోహిత గడ్డంతో మునిచంద్ర వైపు చూపించింది.

"ఈయన్ను సూసేదానికి."

నిస్సార్ చేతిలోంచి కవరు జారి కింద పడింది. పెద్దావిడ "అయ్యో నా తల్లీ" అని బుగ్గ నొక్కుకుంది. మునిచంద్ర పట్టకారును జేబులో పెట్టుకోబోయి చొక్కాకు గుచ్చుకున్నాడు.

ఖాదర్ బాషా నవ్వలేదు.

"తప్పు చేసినావమ్మా. చేతి పనోడికి చెయ్యే ఈమాన్. ఈ పిల్లోడు తన చేతినే నమ్మకుండా చేసినావు. నేను గూడా నమ్మకుండా చేసినావు."

"తెలిసింది సాయిబూ. అందుకే ఒంటిగా రాకుండా తాతను పిల్చుకొని వచ్చినా. ఈయన పేరు నలుగురి ముందర పోయింది. నలుగురి ముందరే తిరిగి రావాల."

"ఇంక నేను మాట్లాడతా" అన్నాడు వరదయ్య. చేతులు లేపాడు. గోడ గడియారం ఒకటి ఊడి పడబోతే మునిచంద్ర పట్టుకున్నాడు. "సాయిబూ, ఈ అబ్బోణ్ణి నా ఇంటి ముందర నోటికొచ్చినట్టు తిట్టినా. సోమరోడన్నా, సిగ్గు లేదన్నా. ఒక్క మాట చెప్పుంటే నా తిట్లు మా పాపకు తగిలేవి. చెప్పలే. తప్పు నాదే తాతా అన్నాడు. నిన్న పాప ఏడ్చుకుంటా చెప్పితే గానీ నాకు తెలీలే. అట్లాంటోడు యాడ దొరకతాడు నాకు, ఎతికితే? ఎవురి పిల్లోడు, ఏం కులం, ఎంత సంపాదన అనేది మా కొడుకు చక్రధర్ అడగతాడు. అడగనీ. వాని నోరు వానిది. నేనైతే అడగను."

లోహిత తలెత్తి తాతను చూసింది. తిట్టించుకోవడానికి సిద్ధపడి వచ్చిన పిల్ల. ఇది వింటానని అనుకోలేదు.

ఖాదర్ బాషా మోకాళ్ల మీద చేతులు ఆన్చి, స్టూలు మీంచి లేచాడు. బల్ల చుట్టూ తిరిగి, బేరమాడేవాళ్లు నిలబడే వైపుకి వచ్చి నిలబడ్డాడు.

"కూర్చో."

"ఉస్తాద్..."

"కూర్చో బేటా. ఆ పెద్దమ్మకు బెల్టు కావాల. ఎంతసేపు నిలబెడతావు?" అని అల్లుడి వైపు తిరిగాడు. "నిస్సార్, ఆ మెరుపులవన్నీ తియ్యి నాయనా. నా కండ్లకు మసకైనా కనబడతా ఉండాయి. బయట మెట్ల పక్కన పెట్టుకో, ఇంక బాగా అమ్ముడుపోతాయి."

మునిచంద్ర స్టూలు మీద కూర్చున్నాడు. చేతులు బల్ల మీద పెట్టాడు. పెద్దావిడ వాచీకి బెల్టు బిగించి ఇచ్చాడు. ఆమె బేరమాడకుండా అడిగినంతా ఇచ్చి, లోహిత తలను ఒకసారి నిమిరి పోయింది.

వరదయ్య తన వాచీని చేతికి కట్టుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఖాదర్ బాషా ఆయన్ను టీకి పిలిచాడు. ముసలివాళ్లిద్దరూ మెట్లు దిగారు. వరదయ్య చేతులు అప్పుడే రష్యా కథ మొదలుపెట్టాయి.

లోహిత మిగిలింది.

"కోపం పోయిందా?"

"లే."

"ఎప్పుడు పోతాది?"

"తెలీదు. మెల్లిగా పోతాది."

"సరే" అంది. గాజుపెట్టె మీద వేలితో గీతలు గీస్తూ అక్కడే నిలబడింది. "వాచీ తాత చేతికి పోయింది. ఇంక ఆగదు. వచ్చే శనివారం నేనేం చెప్పి రావాల?"

మునిచంద్ర కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి పక్కన పెట్టాడు. మొదటిసారిగా ఆమె మొహం వైపు నిదానంగా చూశాడు.

"ఏం చెప్పొద్దు. రా."